సరిహద్దు అవతలికి కరెంటు అమ్మే ప్లాంటు గిట్టుబాటవుతుందా? లెక్క కట్టే పద్ధతి

ఎగుమతి కోసమే కట్టే ఒక విద్యుత్ ప్లాంటు నివేదిక మీ ముందు ఉందనుకోండి. యూనిట్ ఉత్పత్తి ఖర్చు ఇంత, అమ్మకపు ధర ఇంత, పెట్టుబడి మీద రాబడి ఇంత అని మొదటి పేజీల్లోనే ఒక పట్టిక ఉంటుంది. చాలామంది దాన్ని చూసి ప్రాజెక్టు బాగుందనో బాగాలేదనో తేల్చేస్తారు. ఆ పట్టికను పక్కన పెట్టి చదవడం మొదలుపెట్టండి.

దేశంలోనే అమ్ముకునే ప్లాంటుకు ఒక డిస్కమ్ కొనకపోతే మరో డిస్కమ్ ఉంటుంది, ఎక్స్ఛేంజి ఉంటుంది, పెద్ద పరిశ్రమలు ఉంటాయి. ఎగుమతి ప్లాంటుకు చాలాసార్లు ఉండేది ఒకే కొనుగోలుదారు, ఒకే లైను, ఒకే ఒప్పందం. ఆ మూడింటిలో ఏది తెగినా టర్బైన్ ఎంత చవకగా తిరిగినా ప్రయోజనం లేదు. కాబట్టి ఉత్పత్తి ఖర్చుకు ఇచ్చే సమయం కంటే డబ్బు ఏ దారిన వస్తుంది, ఏ కరెన్సీలో వస్తుంది, ఎన్నాళ్లకు వస్తుంది అన్నవాటికి ఎక్కువ సమయం ఇవ్వాలి. కింద చెప్పే క్రమం ఆ ఉద్దేశంతో పెట్టుకున్నదే.

1. మీటరు ఎక్కడుందో ముందు కనుక్కోండి

ఒప్పందంలో చెప్పిన ధర ఏ చోట లెక్క? ప్లాంటు గేటు దగ్గరా, సరిహద్దు సబ్‌స్టేషన్ దగ్గరా, కొనే దేశంలోని సబ్‌స్టేషన్ దగ్గరా? ఇది తేలకుండా రెండు ప్రాజెక్టుల ధరలు పోల్చడం అర్థం లేని పని. నేపాల్ నుంచి భారత్ గ్రిడ్ మీదుగా బంగ్లాదేశ్‌కు 40 మెగావాట్లు అమ్మడానికి 2024 అక్టోబరులో మూడు దేశాల సంస్థలు సంతకాలు చేశాయి. ధర యూనిట్‌కు 6.4 అమెరికన్ సెంట్లు. కానీ అది బంగ్లాదేశ్‌లో లెక్క కట్టే ధర కాదు, బిహార్‌లోని ముజఫర్‌పూర్ మీటరు దగ్గరి ధర. అక్కడి నుంచి భారత ట్రాన్స్‌మిషన్ ఛార్జీలు, ట్రేడింగ్ మార్జిన్ (మధ్యలోని వ్యాపార సంస్థ తీసుకునే కమీషన్) కొనేవాళ్ల ఖాతాలో పడతాయి. నేపాల్‌లోని ఢల్కేబర్ నుంచి ముజఫర్‌పూర్ దాకా పోయే నష్టం అమ్మేవాళ్లది.

మీటరు తెలిశాక, ప్లాంటు నుంచి అక్కడిదాకా ఖర్చు ఎలా పెరుగుతుందో మెట్టుమెట్టుగా రాసుకోండి. పద్ధతి చూపడానికి ఒక ఊహాజనిత ప్రాజెక్టు తీసుకుందాం. 500 మెగావాట్ల జల విద్యుత్ ప్లాంటు, పూర్తయ్యేసరికి వడ్డీతో కలిపి 100 కోట్ల డాలర్లు. సగటున సామర్థ్యంలో సగం నడుస్తుంది కాబట్టి ఏడాదికి 219 కోట్ల యూనిట్లు. పెట్టుబడి మొత్తం మీద 10 శాతం రాబడి, 25 ఏళ్ల కాలం పెట్టుకుంటే ఏటా 11 కోట్ల డాలర్లు రావాలి. నిర్వహణకు 2 కోట్లు. మొత్తం 13 కోట్లను 219 కోట్ల యూనిట్లతో భాగిస్తే 5.9 సెంట్లు. నివేదిక మొదటి పేజీలో కనిపించే అంకె ఇదే.

ఇప్పుడు ప్లాంటు ఉన్న దేశానికి 12 శాతం కరెంటు ఉచితంగా ఇవ్వాలి. అమ్ముకోవడానికి మిగిలేది దాదాపు 193 కోట్ల యూనిట్లు. దారిలో 4 శాతం నష్టం పోతే కొనేవాళ్ల సబ్‌స్టేషన్ చేరేది 185 కోట్ల యూనిట్లు. అదే 13 కోట్ల డాలర్లు ఈ యూనిట్ల మీద పడితే ఖర్చు 7 సెంట్లు దాటుతుంది. యూనిట్‌కు 0.8 సెంట్లు వీలింగ్ ఛార్జీ, అంటే ఇతరుల లైను వాడుకున్నందుకు కట్టే కిరాయి, కలిపితే 7.8. గేటు దగ్గర 5.9గా ఉన్నది మీటరు చేరేసరికి దాదాపు మూడో వంతు పెరిగింది. యంత్రాల సామర్థ్యం ఒక శాతం పెంచడానికి ఇంజనీర్లు పడే శ్రమను గౌరవిస్తూనే చెబుతున్నాను, ఈ మెట్లలో పోయేదానితో పోలిస్తే అది చాలా చిన్నది.

ఉచిత విద్యుత్ శాతం ప్రాజెక్టు ప్రాజెక్టుకూ మారుతుంది. నేపాల్‌లో 900 మెగావాట్ల అరుణ్-3కి అది 21.9 శాతం. అంతే సామర్థ్యమున్న అప్పర్ కర్నాలీకి 12 శాతమే, కానీ దానితోపాటు కంపెనీలో 27 శాతం వాటా నేపాల్‌కు ఉచితంగా ఇవ్వాలని ఒప్పందం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకండి. మొదటిది అమ్ముకునే యూనిట్లను తగ్గిస్తుంది. రెండోది లాభం పంపకాన్ని మారుస్తుంది, అంటే అప్పు ఇచ్చిన బ్యాంకుకు పెద్దగా బాధ లేదు, పెట్టుబడి పెట్టినవాళ్లకే బాధ.

2. పూర్తయ్యేనాటి ఖర్చు తీసుకోండి

నివేదికల్లో ఒక్కోసారి నిర్మాణ ఖర్చును ఈ రోజు ధరల్లో, వడ్డీ లేకుండా చూపిస్తారు. పై ఉదాహరణలో వడ్డీ లేని ఖర్చు 78 కోట్ల డాలర్లే. ఐదేళ్ల నిర్మాణంలో డబ్బు సమానంగా ఖర్చవుతూ పోతే, 10 శాతం చొప్పున అది 100 కోట్లవుతుంది. ఇక ఖర్చంతా పెట్టేశాక మూడేళ్లు ఆలస్యమైతే? 100 కోట్లు 133 కోట్లవుతాయి. మీటరు దగ్గర యూనిట్ ఖర్చు 7.8 నుంచి 9.8 సెంట్లకు వెళుతుంది. అమ్మకపు ధర 8 సెంట్లకు ఒప్పందం అయిపోయి ఉంటే ప్రాజెక్టు పుట్టకముందే నష్టాల్లో ఉన్నట్టు.

ఇది భయపెట్టడానికి చెప్పే లెక్క కాదు. భూటాన్‌లో 1200 మెగావాట్ల పునాత్సంగ్‌ఛూ-1 పనులు 2008లో మొదలయ్యాయి. 2013లో డ్యామ్ కుడి గట్టున కొండ జారడంతో ఏళ్ల తరబడి పని చిక్కుల్లో పడింది. మొదట సుమారు 3,500 కోట్ల రూపాయలుగా వేసిన అంచనా సవరించేసరికి 9,300 కోట్లు దాటింది. హిమాలయ ప్రాంతపు జల ప్రాజెక్టు ఏది మూల్యాంకనం చేసినా, భూగర్భ పరిశోధన ఎంత లోతుగా చేశారో, సొరంగం మార్గంలో ఎన్ని బోరు రంధ్రాలు వేశారో అడగండి. ఆర్థిక లెక్క చేసేవాడికి రాళ్లతో ఏం పని అనుకోకండి, ఆలస్యం అంకె అక్కడి నుంచే వస్తుంది.

ఖర్చుల దగ్గర ఇంకో జాగ్రత్త కూడా ఉంది. భూటాన్‌లో 1980ల్లో పూర్తయిన చుఖా ప్రాజెక్టుకు భారత్ ఇచ్చిన డబ్బులో 60 శాతం గ్రాంటు, 40 శాతం అప్పు. 2019లో పూర్తయిన మాంగ్‌డేఛూకు ఆ నిష్పత్తి 30, 70. గ్రాంటుతో కట్టిన ప్లాంటు టారిఫ్ చూపించి, మా కరెంటు కూడా అంత చవక అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. వాణిజ్య వడ్డీకి తెచ్చిన డబ్బుతో కట్టే ప్లాంటును అలాంటి ప్లాంటుతోనే పోల్చాలి.

3. యూనిట్లు ఎన్ని అని కాదు, ఏ నెలలో, ఏ గంటలో అని అడగండి

నది ప్లాంటుకు సగటు సంవత్సరం లెక్క సరిపోదు. పదేళ్లలో తొమ్మిదేళ్లు ఖచ్చితంగా వచ్చే నీటితో ఎంత ఉత్పత్తి అవుతుందో వేరే లెక్క తీయించండి. బ్యాంకులు అప్పు తీర్చే శక్తిని ఈ రెండో అంకెతోనే చూస్తాయి. హిమనదాల మీద ఆధారపడిన నదైతే ముప్పై నలభై ఏళ్ల పాత ప్రవాహాల రికార్డు రాబోయే ముప్పై ఏళ్లకు ఎంతవరకు పనికొస్తుందన్న ప్రశ్న కూడా ఉంది. కనీసం ఒక తగ్గుదల అంచనాతో లెక్క మళ్లీ చేయాలి.

ఆ తరువాత నెలలవారీగా విడగొట్టండి. నేపాల్, భూటాన్ నదుల్లో వానాకాలంలో నీరు పొంగుతుంది, చలికాలంలో సన్నబడుతుంది. ఆ రెండు దేశాలూ వానాకాలంలో కరెంటు అమ్ముతాయి, ఎండు నెలల్లో కొనుక్కుంటాయి. నేపాల్ బంగ్లాదేశ్‌కు అమ్మే 40 మెగావాట్లు కూడా జూన్ 15 నుంచి నవంబరు 15 వరకే. అందువల్ల అడగాల్సింది ఏడాది సగటు ధర కాదు, మీ ప్లాంటు నిండుగా నడిచే నెలల్లో కొనే దేశంలో ధర ఎంత అన్నది. ఒకే నదీ వ్యవస్థ మీద పది ప్లాంట్లు వస్తుంటే అవన్నీ ఒకే నెలల్లో అమ్మకానికి వస్తాయి. ఇప్పుడు మిగులుకు దొరుకుతున్న ధర అప్పుడు దొరకదు.

గంటల లెక్క గత కొన్నేళ్లలో మరీ ముఖ్యమైంది. సౌర విద్యుత్ పెరిగాక భారత ఎక్స్ఛేంజిలో మధ్యాహ్నం ధర పడిపోతోంది. ఎండాకాలపు సాయంత్రాల్లో యూనిట్ ధర నియంత్రణ మండలి పెట్టిన 10 రూపాయల గరిష్ఠ పరిమితిని తాకిన సందర్భాలూ ఉన్నాయి. కొద్ది గంటల నీటిని ఆపుకోగల చెరువున్న ప్లాంటు సాయంత్రం అమ్ముకుంటుంది. నీరు వచ్చినట్టు వచ్చి వెళ్లిపోయే ప్లాంటు మధ్యాహ్నం ధరకు కూడా తలొగ్గాలి. రెండింటి వార్షిక యూనిట్లు సమానమే కావచ్చు, విలువ మాత్రం సమానం కాదు. అందుకే డ్యామ్ ఎత్తు నాలుగు మీటర్లు తగ్గించి ఖర్చు ఆదా చేశామని చెబితే సంతోషించే ముందు ఆ ఆదా వల్ల ఎన్ని సాయంత్రపు గంటలు పోయాయో అడగండి.

4. పీపీఏ మొత్తం చదవండి, ముఖ్యంగా అనుబంధాలు

ఇక్కడ మీ సమయంలో సగం పెట్టినా తక్కువే. విద్యుత్ కొనుగోలు ఒప్పందం (పీపీఏ)లో ధర ఒక్క వాక్యంలో ఉంటుంది. ఆ ధర ఎప్పుడు వర్తిస్తుంది, ఎప్పుడు వర్తించదు అన్నది వందల పేజీల్లో ఉంటుంది.

కొనేవాళ్లు కరెంటు తీసుకోకపోతే డబ్బు వస్తుందా, రాదా? ముందు ఇది చూడాలి. లావోస్‌లో 2010 నుంచి నడుస్తున్న 1070 మెగావాట్ల నామ్ థూన్-2 ఈ విషయంలో చదవదగ్గ ప్రాజెక్టు. అందులో 995 మెగావాట్లు థాయ్‌లాండ్ ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఈజీఏటీ 25 ఏళ్లపాటు కొంటుంది. తీసుకున్నా తీసుకోకపోయినా నిర్ణీత పరిమాణానికి చెల్లించాల్సిందే. విద్యుత్‌ను ప్రైమరీ, సెకండరీ అని తరగతులుగా విడగొట్టి, ఎక్కువ అవసరమైన వేళల్లో ఇచ్చిన దానికి ఎక్కువ ధర పెట్టారు. ధరలో సగం డాలర్లలో, సగం థాయ్ బాత్‌లో. అప్పులు కూడా రెండు కరెన్సీల్లోనూ తెచ్చారు కాబట్టి, ఏ కరెన్సీలో ఆదాయం వస్తుందో అదే కరెన్సీలో వాయిదా వెళుతుంది. పైగా ప్రపంచ బ్యాంకు హామీలు ఉన్నాయి. ఇన్ని కాపుదలల తరువాతే బ్యాంకులు ముందుకొచ్చాయి. మీ చేతిలో ఉన్న ఒప్పందాన్ని దీని పక్కన పెట్టి, ఏది లేదో గుర్తు పెట్టుకోండి.

థర్మల్ ప్లాంటైతే ధర రెండు ముక్కలు. ప్లాంటు సిద్ధంగా ఉన్నందుకు ఇచ్చే కెపాసిటీ ఛార్జీ, వాడిన కరెంటుకు ఇచ్చే ఎనర్జీ ఛార్జీ. ఎనర్జీ ఛార్జీలో ఇంధనం ధర ఉన్నదున్నట్టు కొనేవాళ్లకు బదిలీ అవుతుంది. నివేదిక రాసేవాళ్లు ఇది చూపించి ఇంధనం రిస్క్ మాకు లేదు అని రాస్తారు. కాగితం మీద అది నిజమే. కానీ బొగ్గు ధర రెట్టింపైతే కొనేవాళ్ల మెరిట్ ఆర్డర్‌లో, అంటే చవక కరెంటును ముందు తీసుకునే వరుసలో, మీ ప్లాంటు వెనక్కి పోతుంది, వాళ్లు తక్కువ తీసుకుంటారు, కెపాసిటీ ఛార్జీ మాత్రం కట్టాల్సి వస్తుంది, అక్కడి పత్రికల్లో ఒప్పందం మీద గొడవ మొదలవుతుంది. జార్ఖండ్‌లోని 1600 మెగావాట్ల గొడ్డా ప్లాంటు బంగ్లాదేశ్ కోసమే కట్టింది. ఒప్పందం 2017 నవంబరులో జరిగింది, 25 ఏళ్లకు. 2023లో వాణిజ్య ఉత్పత్తి మొదలయ్యే ముందే బొగ్గు ధర లెక్కించే పద్ధతి మీద బంగ్లాదేశ్ పవర్ డెవలప్‌మెంట్ బోర్డు సవరణ కోరింది. బొగ్గు ధరకు ఏ అంతర్జాతీయ సూచీ తీసుకున్నారు, నాణ్యత తేడాకు ఎంత తగ్గింపు, ఓడ కిరాయి, రైలు కిరాయి ఎవరివి అన్నవన్నీ ఆ అనుబంధం పేజీల్లోనే ఉంటాయి. గరిష్ఠ పరిమితి లేని బదిలీ సూత్రం కనిపిస్తే దాన్ని బలం అని రాయకండి. కొనేవాళ్లు భరించలేని ఒప్పందం ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ బేరానికి వస్తుంది.

కరెన్సీ విషయంలోనూ ఇదే జరుగుతుంది. డాలర్లలో ధర ఉంటే మారకపు రిస్క్ లేదంటారు. 2022 ఆరంభంలో ఒక డాలరుకు 86 బంగ్లాదేశ్ టాకాలుండేవి, 2024 చివరికి 120కి చేరాయి. ధర ఒక్క సెంటు కూడా పెరగకుండానే బంగ్లాదేశ్ సంస్థకు అదే కరెంటు 40 శాతం ఖరీదైంది. ఆ సంస్థ వినియోగదారుల నుంచి వసూలు చేసేది టాకాల్లోనే. మారకపు రిస్క్ మాయం కాలేదు, బకాయి రూపంలో తిరిగి వచ్చింది.

ఇవి కాక ఒప్పందం మధ్యలో రద్దయితే అప్పు మొత్తమైనా తీరేలా పరిహారం ఉందా, చట్టం మారితే భారం ఎవరిది, వివాదం వస్తే ఏ దేశంలో మధ్యవర్తిత్వం, కొనే సంస్థకు ఆ దేశ ప్రభుత్వ పూచీ ఉందా అన్నవి చూడండి. ఫోర్స్ మెజూర్ క్లాజులో (ఎవరి చేతిలోనూ లేని విపత్తులకు వర్తించేది) మూడో దేశం గ్రిడ్ పాడైతే ఎవరు నష్టపోతారో స్పష్టంగా రాసి ఉందా లేదా అన్నది చాలా ఒప్పందాల్లో బలహీనమైన చోటు.

5. కొనేవాళ్ల పర్సు తెరిచి చూడండి

కొనే సంస్థ గత ఐదేళ్ల ఖాతాలు తెప్పించండి. యూనిట్ సగటు కొనుగోలు ఖర్చు ఎంత, అమ్మకపు ధర ఎంత, మధ్య లోటును ప్రభుత్వం సబ్సిడీగా ఇస్తోందా, ఇస్తే ఎన్ని నెలలకు ఇస్తోంది? ఆ దేశంలో విదేశీ మారక నిల్వలు ఎన్ని నెలల దిగుమతులకు సరిపోతాయి? టాకాల్లోనో రూపాయల్లోనో డబ్బు ఉన్నా డాలర్లు దొరక్క చెల్లింపు ఆగిపోయే పరిస్థితి వేరే ఉంటుంది.

ఇప్పుడు మన ఊహాజనిత ప్లాంటుకు దీన్ని అన్వయిద్దాం. కొనేవాళ్ల సబ్‌స్టేషన్ దగ్గర 8 సెంట్ల చొప్పున 185 కోట్ల యూనిట్లకు బిల్లు 14.8 కోట్ల డాలర్లు. వీలింగ్‌కు దాదాపు 1.5 కోట్లు, నిర్వహణకు 2 కోట్లు పోతే 11.3 కోట్లు మిగులుతాయి. 100 కోట్లలో 70 కోట్లు అప్పు, 8 శాతం వడ్డీ, 15 ఏళ్లలో తీర్చాలంటే ఏటా వాయిదా 8.2 కోట్లు. మిగిలిన దాన్ని వాయిదాతో భాగిస్తే వచ్చేదే బ్యాంకులు చూసే డీఎస్‌సీఆర్, ఇక్కడ 1.38. పరవాలేదు. నీరు 20 శాతం తగ్గిన ఏడాది అది 1.06కు వస్తుంది, అంటే వాయిదా కట్టాక దాదాపు ఏమీ మిగలదు. నీరు బాగానే ఉండి, ధరలో సగం స్థానిక కరెన్సీలో ఉండి, అది 20 శాతం పడితే 1.2.

ఇక బకాయిలు. కొనేవాళ్లు ఆరు నెలల బిల్లులు ఎప్పుడూ వెనకబెట్టి ఉంచారనుకోండి. మామూలుగా నివేదికల్లో దీన్ని నిర్వహణ మూలధనం మీద వడ్డీగా చూపిస్తారు. ఇరుక్కున్న 7.4 కోట్లకు 12 శాతం వడ్డీ వేస్తే ఏటా 0.9 కోట్లు, యూనిట్‌కు అర సెంటు. చూడ్డానికి పెద్ద అంకె కాదు. కానీ బకాయి మొదలైన ఆ మొదటి ఏడాది చేతికొచ్చేది సగం బిల్లే. వీలింగ్, నిర్వహణ ఖర్చులు ఆగవు. చేతిలో మిగిలేది 4 కోట్ల లోపు, కట్టాల్సిన వాయిదా 8.2 కోట్లు. ఇరవై అయిదేళ్ల సగటులో అర సెంటుగా కనిపించిన ఈ బకాయే ఒక్క ఏడాదిలో కంపెనీని డిఫాల్టులోకి తోస్తుంది. అందుకని వార్షిక సగటులతో తృప్తి పడకుండా నెలవారీ నగదు పట్టిక వేయించండి. లెటర్ ఆఫ్ క్రెడిట్ (కొనేవాళ్ల బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) ఎన్ని నెలల బిల్లుకు ఉంది, వాడేస్తే ఎన్ని రోజుల్లో మళ్లీ నింపాలి, అప్పు వాయిదాల రిజర్వు ఖాతాలో ఎంత ఉంది అన్నవి ఆ పట్టిక పక్కనే ఉండాలి.

గొడ్డా ప్లాంటులో 2024లో బకాయిలు వందల మిలియన్ల డాలర్లకు చేరాయి. అక్టోబరు చివర, నవంబరు మొదట్లో సరఫరా సగానికి తగ్గింది. సరఫరా ఆపే హక్కు ఒప్పందంలో ఉండటం వేరు, దాన్ని వాడటం వేరు. ఒక దేశపు వినియోగంలో గణనీయమైన భాగాన్ని ఆపడమంటే అది రెండు ప్రభుత్వాల మధ్య విషయం అయిపోతుంది.

6. తీగ ఎవరిది, ఎవరి నేల మీద ఉంది

మొజాంబిక్‌లోని కహోరా బాస్సా 2075 మెగావాట్ల ప్లాంటు. దక్షిణాఫ్రికాకు దాదాపు 1,400 కిలోమీటర్ల హెచ్‌వీడీసీ (అధిక వోల్టేజి డైరెక్ట్ కరెంట్) లైనుతో 1970లలోనే అమ్మకం మొదలుపెట్టింది. అంతర్యుద్ధంలో లైను టవర్లు వందల కొద్దీ కూలిపోయాయి. డ్యామ్ చెక్కుచెదరలేదు, టర్బైన్లు బాగానే ఉన్నాయి, అయినా 1980ల నుంచి 1990ల చివరిదాకా ఎగుమతి దాదాపు ఆగిపోయింది. ఎగుమతి ప్లాంటు గురించి ఎవరు అడిగినా నేను ముందు చెప్పే ఉదాహరణ ఇదే.

మూడో దేశం మీదుగా వెళితే చిక్కు రెట్టింపు. కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్ వేసవి మిగులు జల విద్యుత్‌ను ఆఫ్ఘనిస్తాన్ మీదుగా పాకిస్తాన్‌కు చేర్చే 1300 మెగావాట్ల కాసా-1000 లైను ఆఫ్ఘన్ భాగంలో 2021 ఆగస్టు తరువాత కొన్నేళ్లపాటు ఆగిపోయింది. మిగతా దేశాల్లో పెట్టిన డబ్బు మీద వడ్డీ మాత్రం ఆగలేదు. దక్షిణాసియాలో దారి భారత్ మీదుగానే. భారత్ 2018లో సరిహద్దు విద్యుత్ వ్యాపారానికి మార్గదర్శకాలు ఇచ్చింది, 2019లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి నిబంధనలు వచ్చాయి. ప్రతి ప్లాంటుకూ ఆమోదం కావాలి. పెట్టుబడి, కాంట్రాక్టరు ఏ దేశానివన్నది కూడా చూస్తారు. చైనా సంస్థల పాత్ర ఉన్న నేపాల్ ప్లాంట్ల కరెంటు భారత్ కొనడం లేదు. కాబట్టి నేపాల్‌లో తక్కువ ధర కోట్ చేసిన కాంట్రాక్టరును ఎంచుకోవడం వల్ల మొత్తం ఎగుమతి మార్కెట్టే మూసుకుపోవచ్చు. ఈ ఆదా, ఈ నష్టం రెండూ ఒకే పట్టికలో కనిపించాలి.

లైను వాడకం శాతం కూడా చూడండి. ఇథియోపియా నుంచి కెన్యాకు 500 కిలోవోల్టుల హెచ్‌వీడీసీ లైను 1,045 కిలోమీటర్లు, సామర్థ్యం 2000 మెగావాట్లు. 2022 చివర మొదలైన ఒప్పందం మొదటి మూడేళ్లకు 200 మెగావాట్లే, యూనిట్‌కు 6.5 సెంట్లు. సామర్థ్యంలో పదో వంతు మాత్రమే ఒప్పందం అయినప్పుడు లైను అప్పు భారం ఎవరు మోస్తున్నారో తెలుసుకోకుండా ఆ 6.5 సెంట్లు చవకో ఖరీదో చెప్పలేం.

7. కొనేవాళ్లు వద్దంటే ఏం మిగులుతుంది?

ఇది చాలా నివేదికల్లో అసలు లేని అధ్యాయం. మీరే రాయండి. ఒప్పందం పోయిందనుకుని, ప్లాంటును ఉన్న దేశంలోనే అమ్ముకుంటే ఎంత వస్తుందో లెక్క కట్టండి. మన ఉదాహరణలో స్థానికంగా 5 సెంట్లే దొరుకుతాయనుకుంటే, 193 కోట్ల యూనిట్లకు 9.6 కోట్లు, నిర్వహణ పోగా 7.6 కోట్లు. వాయిదా 8.2 కోట్లు. డీఎస్‌సీఆర్ 0.93. అప్పు తీరాలంటే కనీసం 5.3 సెంట్లు కావాలి. గత ఐదేళ్లలో, మీ ప్లాంటు నడిచే నెలల్లో, స్థానిక మార్కెట్ ఆ ధర ఇచ్చిందా? ఇవ్వకపోతే ఎగుమతి ఒప్పందం మీద ఆధారం సంపూర్ణం, రాబడి రేటు దానికి తగ్గట్టు ఎక్కువ ఉండాలి.

ధర ఉంటే చాలదు, తీగ కూడా ఉండాలి. గొడ్డా ప్లాంటు ప్రత్యేక లైనుతో నేరుగా బంగ్లాదేశ్ గ్రిడ్‌కు కట్టింది, పక్కనే ఉన్న భారత గ్రిడ్‌కు కాదు. 2024 ఆగస్టులో భారత ప్రభుత్వం మార్గదర్శకాలు సవరించి, కొనేవాళ్లు పూర్తి సామర్థ్యం తీసుకోకపోయినా చెల్లింపులు ఆలస్యమైనా అలాంటి ప్లాంట్లు దేశంలో అమ్ముకోవచ్చని వీలు కల్పించింది. అనుమతి కాగితం ఒక రోజులో వస్తుంది. 400 కిలోవోల్టుల లైను, దాన్ని సబ్‌స్టేషన్‌లో కలిపే ఏర్పాటు రావడానికి ఏళ్లు పడుతుంది. డిజైన్ దశలోనే సొంత దేశపు గ్రిడ్‌కు ఒక కనెక్షన్ పెట్టుకుంటే ఖర్చెంతో అడగండి. మొత్తం పెట్టుబడిలో అది చిన్న భాగమే అయితే, నా అభిప్రాయంలో దాన్ని తీసేయడానికి ఒప్పుకోకూడదు.

8. ప్లాంటున్న దేశం తరఫున లెక్క వేస్తుంటే

ఇంతవరకూ కంపెనీ, బ్యాంకు దృష్టితో చూశాం. ప్రభుత్వం తరఫున చూస్తే ప్రశ్నలు మారతాయి. ఉచిత విద్యుత్ ఏ నెలల్లో వస్తుంది? వానాకాలంలో దేశంలో మిగులున్నప్పుడు వచ్చే 12 శాతానికి విలువ తక్కువ, చలికాలంలో వచ్చేదానికి చాలా ఎక్కువ. నెలవారీగా ఎంత అన్నది ఒప్పందంలో ఉండాలి. ఎగుమతి చేస్తూనే అదే దేశం చలికాలంలో ఎక్కువ ధరకు దిగుమతి చేసుకుంటుంటే, ఆ తేడాను ఎగుమతి ఆదాయం నుంచి తీసేసి చూడాలి. మునిగిన భూమి, తరలిన కుటుంబాలు, కిందివైపు చేపల మీద బతికేవాళ్లు, ఇవి పర్యావరణ నివేదికలో వేరే పుస్తకంగా ఉండకూడదు. పరిహారం, పునరావాసం ఖర్చు ఇదే పట్టికలోకి రావాలి, ఆలస్యమైన పునరావాసం నిర్మాణాన్ని కూడా ఆలస్యం చేస్తుంది కాబట్టి కంపెనీ లెక్కలోకీ రావాలి.

దేశాన్ని ఒకే కొనుగోలుదారుకు ముందే కట్టేసే షరతులు ఉన్నాయేమో చూడండి. బ్రెజిల్, పరాగ్వే కలిసి 1973 ఒప్పందంతో కట్టిన 14,000 మెగావాట్ల ఇటాయిపులో సగం కరెంటు పరాగ్వేది. తన వాటాలో వాడుకోని దాన్ని మాత్రం బ్రెజిల్‌కే ఇవ్వాలి, వేరే మార్కెట్లో ధర బాగున్నా అమ్ముకోలేదు. 2023లో అప్పు తీరాక ధర విషయమే రెండు దేశాల మధ్య ప్రధాన చర్చ అయింది. యాభై ఏళ్ల కింద అప్పు దొరకడానికి ఆ షరతు అవసరమై ఉండవచ్చు. అయినా అప్పు తీరిన మర్నాటి నుంచి ధర ఎలా నిర్ణయిస్తారో మొదటి ఒప్పందంలోనే రాయించుకోవడం ఎగుమతి దేశానికి పెద్ద లాభం.

పాతిక ముప్పై ఏళ్ల తరువాత ప్లాంటు ఉచితంగా ప్రభుత్వానికి వస్తుందన్న షరతుంటే దాని విలువ లెక్కలో వేయండి, కానీ ఇసుక, బురద నిండని జలాశయం, మరమ్మతు చేసిన టర్బైన్లు అప్పగించాలన్న ప్రమాణం ఉంటేనే. అప్పగింతకు ముందు ఐదేళ్లు స్వతంత్ర ఇంజనీర్ల తనిఖీ, మరమ్మతులకు కంపెనీ పక్కన పెట్టాల్సిన డబ్బు, ఈ రెండూ లేకపోతే ఆ విలువను సున్నాగా తీసుకోవడం మంచిది.

9. కష్టాలను విడివిడిగా కాక కలిపి పరీక్షించండి

నివేదికల చివర్లో సెన్సిటివిటీ పట్టిక ఉంటుంది. ఖర్చు 10 శాతం పెరిగితే, నీరు 10 శాతం తగ్గితే, ధర 5 శాతం తగ్గితే అని ఒక్కోదాన్నీ వేరుగా కదిపి చూపిస్తారు. వాస్తవంలో ఇవి కలిసి వస్తాయి. వానలు తక్కువైన ఏడాది నది ఎండుతుంది. ఇంధనం ధర పెరిగిన ఏడాది దిగుమతుల మీద బతికే దేశం కరెన్సీ పడుతుంది, అదే ఏడాది బిల్లులు వెనకబడతాయి. ఎగుమతి చేసే దేశంలోనే కరెంటు కొరత వస్తే, ముందు మా ఇళ్లకు ఇవ్వండి అనే ఒత్తిడి కూడా అప్పుడే వస్తుంది. మన ప్లాంటులో నీరు 20 శాతం తగ్గి, సగం ధర ఉన్న స్థానిక కరెన్సీ 20 శాతం పడితే డీఎస్‌సీఆర్ 0.91. విడివిడిగా 1.06, 1.2గా కనిపించి ధైర్యం చెప్పిన రెండు వరుసలు కలిపితే వచ్చే అంకె ఇది. దానికి బకాయిని కలపకముందే.

ఆ ఉమ్మడి పరీక్షలో ఎన్ని నెలలు రిజర్వు ఖాతాతో ప్లాంటు నెట్టుకురాగలదో నెలల్లో చెప్పమని నివేదిక రాసినవాళ్లను అడగండి. ఆరు నెలలు అంటే, గతంలో ఆ కొనుగోలుదారు బకాయి గరిష్ఠంగా ఎన్ని నెలలు సాగిందో దాని పక్కన రాయండి. రెండో అంకె పెద్దదైతే సంతకానికి ముందే రిజర్వు పెంచడమో, అప్పు శాతం తగ్గించడమో, ప్రభుత్వ పూచీ తెప్పించడమో జరగాలి. సంతకాలయ్యాక ఈ మూడింటిలో ఏదీ ఆ ధరకు దొరకదు.